మామయ్య వేసిన ముడి

మామయ్య తన నీడనైనా నమ్మే రకం కాదు. పొద్దున ఒక పొడుగు, మధ్యాహ్నం ఒక పొడుగు ఉండేదాన్ని ఎలా నమ్మమంటావని ఎదురడిగే మనిషి. గిడ్డంగిలో స్టోర్‌కీపరు పని. సరుకు దొంగల్ని పట్టీ పట్టీ చివరికి లోకంలో రెండే జాతులున్నాయని తేల్చేశాడు: దొరికిన దొంగలూ, ఇంకా దొరకని దొంగలూ. అటువంటి మనిషితో కలిసి కొత్త ఊళ్లో గది వెతుక్కోవడానికి వచ్చింది బుల్లి. ఆయన్ని ఆమె ఏమీ సరదాపడి తెచ్చుకోలేదు. తన తమ్ముడు వెంట వెళ్తేనే పిల్లని పంపుతానని వాళ్లమ్మ పట్టుబట్టింది. పైగా బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకొచ్చి మరీ తమ్ముడికి చెప్పింది.

"నమ్మకమైన ఇల్లు దొరికితే దిగబెట్టు. లేదంటే సాయంత్రం బస్సుకి దాన్ని వెనక్కి తెచ్చెయ్. చదువెక్కడికీ పోదు."

చదువెక్కడికీ పోదు నిజమే, సీటు పోతుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి చేరకపోతే నర్సింగు కాలేజీలో బుల్లి సీటు వెనకున్న ఇంకో పిల్లకి ఇచ్చేస్తారు. అమ్మకి ఆ సంగతి చెప్పి చెప్పి బుల్లి నోరు నొప్పి పుట్టింది. వింటేగా!

బస్సు దిగగానే సలహాలు మొదలయ్యాయి. టీకొట్టాయన గ్లాసులు కడుగుతూనే, "కాలేజీ పిల్లకా గది? వంతెన అవతల చూడకండి, వానొస్తే దారి మునిగిపోద్ది. స్టేషను పక్కనా వద్దు, లారీల మోతకి నిద్రుండదు" అన్నాడు.

మామయ్య నాలుగడుగులు వేశాక గొంతు తగ్గించాడు. "వంతెన అవతల వీడికి పగవాడెవడో ఉన్నాడే బుల్లీ. ఊరికే సలహా ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడు."

ఇళ్లు చూడడానికి ఆయన పద్ధతి ఆయనకుంది. చేతిలో ఒక గుడ్డ సంచి, లోపల పాత చొక్కాలు, నాలుగు పాత పేపర్లు. మూతిని పురికొసతో కట్టేశాడు. గిడ్డంగిలో బస్తాలకి వేసే ముడి అది. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, విప్పినవాడు మళ్లీ అలాగే వెయ్యలేడు. ఆ ముడి ఆయన తర్వాత బుల్లి ఒక్కదానికే వచ్చు. చిన్నప్పుడు గిడ్డంగి మెట్ల మీద కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు గానీ నా ముడి పట్టేస్తుందే" అనేవాడు మురిసిపోతూ.

గది చూసి, మాట్లాడి, వచ్చేటప్పుడు సంచిని మరిచిపోయినట్టు అక్కడే వదిలేస్తాడు. వీధి చివర కాసేపు కూర్చుని, "అరెరె, సంచి" అంటూ వెనక్కి వెళ్తాడు. ముడి మారిందా, ఆ ఇంటికో దణ్ణం.

మొదటి ఇంటావిడ తేనె పూసినట్టు మాట్లాడింది. ముడి మారింది. రెండో ఇంట్లో ముసలి దంపతులు సంచి తెచ్చి చేతికిస్తూ, "ఎవరిదో తెలుసుకుందామని విప్పామండీ" అని వాళ్లంతట వాళ్లే చెప్పేశారు. గేటు దాటాక మామయ్య నవ్వాడు.

"దొరికిన ప్రతివాడూ ఇదే పాట."

"నిజమేనేమో మామయ్యా."

"ఇంత అమాయకురాలివి, నిన్నొదిలి నేనెలా పోతానే?" అన్నాడు. ఆ మాటతో బుల్లి పొద్దు వైపు చూసింది. అప్పటికే మధ్యాహ్నం దాటింది.

మూడో ఇల్లు కుట్టుపని చేసే ఆవిడది. ఆస్పత్రి వాళ్ల యూనిఫారాలు కుడుతుంది. కాలేజీ పిల్లలు ఇద్దరు అద్దెకుంటున్నారట, ఆస్పత్రి డ్యూటీకి వెళ్లారు. మేడ మీద చిన్న గది. కిటికీలోంచి కాలేజీ నీళ్ల ట్యాంకు కనిపిస్తోంది. బుల్లికి ఆ గదిలో నిలబడగానే ఇంక కదలబుద్ధి కాలేదు. కింద హాల్లో ఒక బీరువా, దాని తాళంచెవి దానికే వేలాడుతోంది.

"మా ఇంట్లో తాళాలు వెయ్యమండీ. పిల్లల సామాన్లూ నావీ అన్నీ అందులోనే" అంది ఆవిడ మిషను ఆపకుండానే. తర్వాత బుల్లి వైపు తిరిగింది. "కుళాయి పొద్దున్నే వస్తుంది, పట్టుకోకపోతే ఇంక సాయంత్రమే. కాలేజీకి పెద్ద రోడ్డున పోకు, బేకరీ సందులోంచి పో. మీ ఊరివాళ్లమేనంటూ ఎవరైనా పలకరిస్తే, ఏ ఊరో ముందు వాళ్లనే చెప్పమను. నువ్వు నోరు జారావా, మీ వంశవృక్షమంతా వాళ్లే చదివేస్తారు."

బుల్లి నవ్వేసింది. మామయ్య నవ్వలేదు. బయటికొచ్చాక, "తాళంచెవి అందరికీ కనబడేలా పెట్టిందంటే అసలు బీరువా ఇంకోటి ఉందన్నమాట" అన్నాడు. సంచి మటుకు వరండా బల్ల కింద ఉండిపోయింది.

వీధి చివర అరుగు మీద ఆయన కూర్చున్నాడు. బుల్లి కూర్చోలేకపోయింది. ఇదీ పోతే ఇంకో ఇల్లు చూసే పొద్దు లేదు.

"బస్సు ఎప్పుడో కనుక్కొస్తా మామయ్యా."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "పర్వాలేదే, బుద్ధొస్తోంది. వెళ్లు."

ఆమె బస్సుల వైపు వెళ్లలేదు. వెనక సందులోంచి తిరిగి ఆ ఇంటి వరండా ఎక్కింది. లోపల మిషను చప్పుడు లేదు. వంగి సంచి చూసింది. ముడి మారిపోయింది! బూటు లేసుకి కట్టినట్టు మామూలు ముడి. బుల్లికి ఏడుపొచ్చింది. ఈవిడ కూడానా! అంతలోనే చేతులు వాటి పని అవి చేసేశాయి. పురికొస విప్పి, మెలితిప్పి, మామయ్య ముడి వేసి, సంచి బల్ల కిందికి తోసి వచ్చేసింది.

కాసేపటికి ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యో, సంచి మరిచిపోయారా! నేను చూడనేలేదండీ. అక్కడే ఉంటుంది, ఎవరూ ముట్టుకోలేదు."

బుల్లి ఆవిడ వైపే చూసింది. విప్పిన మనిషి విప్పలేదని, కన్ను కూడా ఆర్పకుండా, ఎంత చల్లగా చెబుతోంది! మామయ్య మటుకు ముడిని వేలితో తడిమి తడిమి చూసుకున్నాడు. మొహం విప్పారింది. అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చేశాడు.

బస్సు దగ్గర ఆయన మాట బొంగురుపోయింది. "ఈ ఊరు మొత్తానికి ఒక్క ఇల్లే ఉందే, అది నీ అదృష్టం కొద్దీ దొరికింది. మీ అమ్మకి నేను ధైర్యంగా చెప్తా" అంటూ సంచి ఆమె చేతికిచ్చాడు. బుల్లి తల వంచుకుంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే తనూ ఇదే బస్సు ఎక్కాలి. బస్సు వెళ్లిపోయింది.

ఇక మొదలైంది చూడండి, అనుమానం పెనుభూతం! మేడ మీది గదిలో బుల్లి తలుపు గడియ లాగి చూసింది, వదులుగా ఉంది. కిటికీ చువ్వ ఒకటి కదులుతోంది. ఈవిడ సంచి ఎందుకు విప్పింది? అంత నున్నగా ఎందుకు బొంకింది? ఎవరికి చెప్పుకోవాలి? కాపలా కాసే ఒక్క మనిషినీ తనే మోసం చేసి పంపేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న పెట్టె గొళ్లేనికి సంచి పురికొస చుట్టి ఆ ముడే వేసుకుంది.

"భోజనానికి రామ్మా" అని కింద నుంచి పిలుపు.

హాల్లో ఆవిడ ఒక్కతే ఉంది. కంచం ముందుకు జరిపి, తనూ కూర్చుని, మామూలుగా అంది.

"నీ చేతి ముడి బాగుంది. మీ మామయ్యే నేర్పాడా?"

బుల్లి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. "మీరు విప్పారు!" అనేసింది.

"విప్పాను. ఎవరో సంచి వదిలేసి పోతే విప్పనా? అడ్రసుందేమో, పంపించేద్దామని చూశా. చిరుగు చొక్కాలు, చిత్తుకాగితాలు. ఓహో, ఇది నాకు పెట్టిన పరీక్షా అనుకున్నా. ఆయన రాగానే నాలుగు దులుపుదామని కూర్చుంటే ముందు నువ్వొచ్చావు, పిల్లిలాగా. కిటికీలోంచి చూశా."

"మరి ముట్టుకోలేదని..."

"విప్పానని చెబితే ఆ ముడి ఎవరు వేశారో ఆయనకి తెలిసిపోదా? ఆయన నిన్ను వెనక్కి లాక్కుపోడా? అందుకే అబద్ధమాడాను." ఆవిడ కంచంలోకి చూసింది. "పాపం, ఎంత సంతోషంగా వెళ్లాడమ్మా ఆయన."

బుల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ వారించలేదు.

"నన్ను పొమ్మంటారా?"

"ఎందుకు పొమ్మంటాను? గది నీదే. చదువుకో. పొద్దున్నే నీళ్లు పట్టుకోవడం మర్చిపోకు."

అప్పుడే ఆ ఇద్దరు పిల్లలూ కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. ఆవిడ లేచి, కుట్టిన యూనిఫారాలు బీరువాలో సర్ది, తలుపు మూసింది. తాళంచెవి తిప్పబోతే అది కదల్లేదు. ఎన్నాళ్లుగా ఎవరూ తిప్పలేదో, రెండు చేతులతో గట్టిగా తిప్పితే గానీ పడలేదు. తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"అదేంటి పిన్నీ, తాళం వేస్తున్నావు?" అంది ఒక పిల్ల.

"ఏం లేదే, అలవాటు చేసుకుందామని" అంది ఆవిడ. బుల్లి వైపు చూడకుండా వెళ్లి మిషను ముందు కూర్చుంది.