స్పాంజిలో ఒక ఖాళీ

"ఏమోయ్, నా కళ్లజోడు ఎక్కడ చచ్చింది?" గదిలోంచి ఆయన కేక. పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే "ఫ్రిజ్ మీద" అంది ఆమె. "అమ్మాయ్, నా మందుల డబ్బా?" అత్తగారు. "మీ దిండు కింద." ఆ ఇంట్లో వస్తువులకే కాళ్లుంటాయి, మనుషులకు ఉండవు. "మా ఆవిణ్ణి అడిగితే పోయిన సూది కూడా దొరుకుతుంది" అని పెళ్లైన కొత్తలో ఆయన నలుగురిలో అంటే మురిసిపోయింది పిచ్చిమొహం. మెచ్చుకోలు అనుకుంది. జీతం లేని ఉద్యోగం అంటగడుతున్నారని అప్పుడేం తెలుసు?

జీతమున్న ఉద్యోగం వేరే ఉంది. ఆమె విమానాల మెకానిక్. కొత్తరకం ఇంజన్ మీద రెండు వారాల శిక్షణకు వేరే ఊరు పంపుతామన్నారు. అది పూర్తిచేస్తేనే ఆ ఇంజన్ మీద చెయ్యి వేయనిస్తారు. ఔనో కాదో ఈ సాయంత్రంలోగా చెప్పాలి. "నువ్వెళ్తే ఇల్లేమైపోవాలి?" అన్నాడాయన నిన్న. "రెక్కలు విమానానికి ఉంటే చాలదూ, నీకెందుకమ్మా?" అని అత్తగారు తన మాటకు తానే నవ్వుకుంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

విమానాలు నిలిపే హ్యాంగర్‌లో పనిముట్ల పెట్టె తెరిస్తే నల్లటి స్పాంజి. ఏ పనిముట్టుకు ఆ పనిముట్టు ఆకారంలో గుంట కోసి ఉంటుంది. పనయ్యాక ఒక్క గుంట ఖాళీగా కనిపించినా విమానం కదలదు; ఆ వస్తువు ఇంజన్‌లోనే ఉండిపోయిందేమో! ఇవాళ గొట్టాల వెనక చూసే చిన్న అద్దం కనిపించలేదు. అంతే, అందరూ నేలమీదే. చీఫ్ గారు కూడా బొజ్జ ఈడ్చుకుంటూ రెక్క కిందకి దూరారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. "ఆడవాళ్లకైతే టక్కున దొరుకుతుంది, నువ్వు చూడు" అని ఎవరూ ఆమెను ఒంటరిగా వదల్లేదు. చివరికి అద్దం చీఫ్ గారి జేబులోనే దొరికింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానర్రా!" అని ఆయనే ముందు పగలబడి నవ్వారు.

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ఇంత విమానానికి అందరూ వెతుకుతారు, మూడు గదుల కొంపకి తనొక్కతేనా?

"శిక్షణకి నా పేరు రాసుకోండి సార్."

"ఇంట్లో అడగవా?"

"అడగను సార్, చెప్తాను."

మిగిలిపోయిన స్పాంజి పలక ఒకటి అడిగి తెచ్చుకుంది. ఆ సాయంత్రం వంటకు సెలవిచ్చి, కూనిరాగం తీస్తూ తాళాలకు, కళ్లజోడుకు, మందుల డబ్బాకు, రిమోట్‌కు గుంటలు కోసి హాల్లో బల్లమీద పరిచింది.

"ఏమిటీ ఆటలు?" అన్నాడాయన వస్తూనే.

"తీసినవాళ్లే మళ్లీ అక్కడ పెట్టాలి. గుంట ఖాళీగా కనిపిస్తే తీసినవాళ్లే వెతుక్కోవాలి."

అత్తగారు మందుల డబ్బా పెట్టి చూసింది. "భలే కుదిరిందే!" అని చిన్నపిల్లలా మళ్లీ తీసి పెట్టింది. ఆయన మాత్రం అన్నిటికన్నా పెద్ద గుంట దగ్గర ఆగిపోయాడు. తల, రెండు చేతులు, ఒక జడ.

"ఈ బొమ్మెవరిది?"

"నాది. సోమవారం నుంచి రెండు వారాలు ఖాళీగానే ఉంటుంది. కంగారుపడి వెతక్కండి, నేనెక్కడున్నానో నాకు తెలుసు."