తూకం సరిగ్గానే ఉంది

గౌలిపురలో పాల వ్యాపారం చేసే అంజన్ తెల్లవారగానే భార్య లలితమ్మను డిజిటల్ తూకం మిషను మీద నిలబెట్టి, ఆ అంకెను ఆస్పత్రికి మెసేజ్ చేసేవాడు. ఆ తర్వాతే బర్రెల దగ్గరికి వెళ్లేవాడు.

ఆమె గుండె బలహీనపడింది. ఒంట్లో నీరు చేరి, కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక ఆస్పత్రి పాలైంది. అది 2007. ఇంటికి పంపేటప్పుడు మలక్‌పేట ఆస్పత్రివాళ్లు ఆ తూకం ఇచ్చారు. బరువు ఉన్నట్టుండి పెరిగితే అక్కడి కంప్యూటర్ పట్టేస్తుంది. నర్సు సుచరిత డాక్టర్ని అడిగి, ఫోన్‌లో మందు మార్చి చెబుతుంది.

"నేనేమన్న ఉల్లిగడ్డల బస్తానా, రోజూ తూకమేస్తవ్?" అని లలితమ్మ మొదట్లో విసుక్కుంది.

బోనాలప్పుడు ఆశకొద్దీ మామిడికాయ తొక్కు పచ్చడి తింది. మర్నాడే సుచరిత ఫోన్ చేసింది.

"అమ్మా, ఉప్పేమన్నా ఎక్కువ తిన్నారా?"

"నీకెట్ల ఎరుకైంది బిడ్డా? మా ఇంట్ల కూసున్నట్టే జెప్తున్నవ్!"

ఒంట్లో నీరు తీసే గోలి మోతాదు పెంచారు. వాపు దిగింది. అప్పటినుంచి ఇద్దరికీ ఫోన్‌లోనే స్నేహం కుదిరింది. చలికాలానికి లలితమ్మ ఒక్కతే బజారుకు వెళ్లొచ్చేంతగా కోలుకుంది. అంజన్‌కు ఫికర్ తగ్గింది.

ఒకరోజు అంకె ముందురోజులాగే వచ్చింది. అంజన్ మెసేజ్ పంపి, పాలు పోయడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి లలితమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఒళ్లో సగం తుంచిన మెంతికూర. పిలిస్తే పలకలేదు.

మర్నాడు మెసేజ్ రాలేదని సుచరిత ఫోన్ చేసింది.

"తూకమేసేటందుకు మనిషి లేదు బిడ్డా," అన్నాడు అంజన్.

ఆ సాయంత్రమే ఆమె వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. అంజన్ ఫోన్ తెచ్చి, ముందురోజు పంపిన మెసేజ్ చూపించాడు.

"తూకం సక్కగనే ఉండె గదా. నేను తప్పు నొక్కిననా?"

"లేదండీ. అది నీరు చేరితేనే చెబుతుంది. బలహీనపడిన గుండె ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముందుగా మాకూ తెలియదు."

"గా మాట ఒక్కసారన్న జెప్పకపోతిరి?"

సుచరిత తల దించుకుంది. "అమ్మకు చెప్పామండీ. మీకు చెప్పనివ్వలేదు. 'గిది ఎరుకైతే మా ఆయన బర్లనిడిసి నా పక్కకే కూసుంటడు' అన్నారు."



"కూసుంటుంటి గదా," అన్నాడు అంజన్. "కూసుంటే, పొయ్యేటప్పుడన్న ఒక్కతే ఉండకపోతుండె."

అంత్యక్రియల్లో కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. సుచరిత పక్కనే నేలమీద కూర్చుంది. కాసేపటికి అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఫోన్ల నీతోని ఇంకేమేం మాట్లాడేది, బిడ్డా?"

లలితమ్మ తనతో చెప్పిన కబుర్లన్నీ సుచరిత ఒక్కొక్కటే చెప్పసాగింది.