రెండు ఐసు పెట్టెలు

మండవల్లి దాటాక కొల్లేటి గట్టు మీదున్న చర్చిలో ప్రతి ఆదివారం, ముందు బాప్తిస్మం పొందిన కుటుంబాలు కుడివైపు బల్లల మీద కూర్చుంటాయి, తర్వాత పొందినవి ఎడమవైపు. ఎంత ముందంటే పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లని పట్టుకుని నాలుగు తరాలుగా ఊరేగుతున్నారు.

2004 వేసవిలో ఓ ఆదివారం, ఆరాధనకు ముందు నెత్తురు తీసేవాళ్లు వచ్చారు. వేల ఏళ్ల కిందట మనుషులు ఏ దారిన నడిచొచ్చారో, ఏ భాషలు తెచ్చుకున్నారో పరిశోధన చేస్తున్నారట. సీసాలో పడగానే నెత్తురు సన్నగా జోలపాట అందుకునేది, ఎప్పటి తల్లో పాడినది, ఎవరికీ తెలియని భాషలో. ఆ పాటలో మనుషుల మాటలు వినబడటం లేదని నర్సు ప్రీతి మూతలు బిగించింది.

"మా వైపు సీసాలకి వేరే పెట్టె పెట్టండమ్మా. వాళ్లవి తగలకూడదండి" అన్నాడు కుడివైపు బల్లల సంఘపెద్ద మత్తయి.

తెచ్చింది ఒక్క ఐసు పెట్టే, రెండోది లేదంది ప్రీతి. మత్తయి వెళ్లి చేపలు ఎగుమతి చేసే థర్మాకోల్ పెట్టె తెచ్చాడు. కుళ్లు నీచు కంపు. పక్కవాడి సీసా తగలడం కంటే ఆ కంపే నయమనుకుని తమవాళ్ల సీసాలు అందులో పెట్టించాడు.

ఆ రోజే మత్తయి కొడుకు రాజ్ కుమార్‌కీ, ఎడమవైపు బల్లల టీచరమ్మ మానసకీ పెళ్లి ప్రకటన మూడోసారి చదవాలి. మూడుసార్లు చదివాక ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పెళ్లే. రెండు వైపులదీ వేరే కులమని చెప్తే పాస్టరు జ్ఞానయ్యగారు ఒప్పుకోరు. వేరే కారణం దొరక్క మత్తయి రెండు వారాలుగా పళ్లు నూరుతున్నాడు.

ఇంతలో, మూతలు బిగించి ఉన్నా, మంచి పెట్టెలో సీసాలు ఒక చరణం పాడితే, చేపల పెట్టెలోవి తర్వాతి చరణం అందుకున్నాయి. మత్తయి మొహం ముందు మాడింది, తర్వాత వెలిగింది.

ప్రకటన చదవగానే లేచాడు.

"అభ్యంతరం ఉందండి. మావాడి నెత్తురూ ఆ పిల్ల నెత్తురూ ఒకే పాట పాడుతున్నాయి. ఒక తల్లి సంతానమన్నమాట. వరసకి అన్నాచెల్లెళ్లకి పెళ్లేంటండీ?"

నిన్నటిదాకా గడప తొక్కనివ్వని పిల్లని ఇవాళ కూతుర్ని చేసేశాడు, సిగ్గులేని మనిషి. మానస తల దించుకుంది. పాస్టరుగారు కలానికి మూత పెట్టేశారు.

అప్పుడు మత్తయి భార్య విశ్వాసం లేచింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆవిడ చర్చిలో నోరెత్తడం అదే మొదలు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చేపల పెట్టె మూత తీసింది.

"మీ సీసా, నా సీసా పక్కపక్కనే ఉన్నాయండి. రెండూ ఆ పాటే పాడుతున్నాయి. ఇక కూర్చోండి, అన్నయ్యగారూ" అంది.

మత్తయి కూర్చున్నాడు. పాస్టరుగారు మూడో ప్రకటన పక్కన సంతకం పెట్టారు.