దీవులు మాయమైన పటం

ఆ రెండు దేశాల పేర్లు చెప్పను. ఎవరి పేరు ముందు చెప్పినా రెండోవాళ్ళకు కోపం వస్తుంది. గొడవంతా మూడు దీవుల మీద. అక్కడ చేపలు ఆరబెట్టుకోవడం తప్ప ఇంకేం చేస్తారని మా ఆయన సాత్విక్ వెక్కిరిస్తాడు గానీ, వాటి కోసం తరతరాలుగా ఇద్దరూ కత్తులు నూరుకుంటున్నారు. ఇప్పుడు చేపల వేట గురించి మాట్లాడుకోవడానికి మేముండే గల్ఫ్ నగరంలో, వెస్ట్ బే హోటల్లో కూర్చోబోతున్నారు. వేదిక వెనక గోడంతా పరుచుకున్న సముద్రపు పటం మా ప్రింటింగ్ కంపెనీది. తయారుచేసింది నేను, అచ్చు వేసింది ముజఫ్ఫర్ భాయ్.

సభకు గంట ముందు ఒక దేశపు అధికారి వచ్చి పటం ముందు నిలబడిపోయాడు. మూడు దీవులూ అవతలి దేశం రంగులో ఉన్నాయి. ఇది ఇలాగే ఉంటే మా మంత్రి హాల్లో అడుగుపెట్టడని చెప్పి, ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది, నా మీదే. పటం అనగానే మన ఇండియావాళ్ళం మొదట చూసుకునేది కశ్మీరే. దాన్ని సగం కోసి అచ్చు వేస్తే కేసు పెడతారన్న భయం మనది. ఈ పటం కుడివైపు పై మూలలో ఇండియా కాస్త కనబడుతుంది. నేనూ భాయ్ ఆ మూలనే పెద్దది చేసి మరీ చూసుకున్నాం. కశ్మీర్ సరిగ్గా ఉందని నిమ్మళపడి అచ్చుకు పంపేశాం. అసలు తగువు పటం నడిమధ్యలో ఉందని ఇద్దరికీ తట్టలేదు.

మా మేనేజర్ సత్యనారాయణమూర్తి గారికి ఫోన్ చేశాను. సభ చెడితే ఎవరో ఒకరి ఉద్యోగం ఊడుతుందని, తాను బయల్దేరి వస్తున్నానని చెప్పారు. నాకైతే పోయేది ఉద్యోగమే, వీసా మా ఆయన మీద ఉంది. భాయ్ వీసా కంపెనీది. అది పోతే నజ్మా పేటలో గది ఖాళీ చేసి, భార్య సయీదా, వచ్చే నెల పదో తరగతి పరీక్షలు రాయాల్సిన కూతురు ఫర్హా, అందరూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

దీవుల మీద సముద్రం రంగు స్టిక్కర్ అంటించేద్దామన్నది నేనే. దీవులే కనబడకపోతే తగువెక్కడిది అనుకున్నాను. మూర్తి సార్‌ను అడిగి చేస్తే మంచిగుంటుంది కదా అని భాయ్ నసిగాడు. అంత టైము లేదని తొందరపెట్టాను. నాకు ఎత్తంటే భయం కాబట్టి నిచ్చెన ఎక్కింది భాయ్.

మూడో దీవి మీద స్టిక్కర్ అంటిస్తుండగా రెండు దేశాల అధికారులూ చెరో తలుపు నుంచి వచ్చారు. పొద్దుటి నుంచీ ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు ఇద్దరూ ఒక్కసారే కేకలు మొదలుపెట్టారు. మా నేలను సముద్రంలో ముంచడానికి వీడెవడని ఇద్దరూ వేలు చూపించింది నిచ్చెన మీదికే.

అంతలో మూర్తి గారు వచ్చి ఇద్దరినీ పక్కకు తీసుకెళ్ళారు. కాసేపటికి చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చారు. పటం పీకేస్తే సభ జరుగుతుందట. ఆ మనిషిని కంపెనీ నుంచి తీసేయాలన్నది రెండో షరతు. ఆ దీవుల విషయంలో ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది బహుశా అదొక్కటే.

ఉద్యోగం మీద నాకూ ఆశ ఉంది, కాదనను. భాయ్ నిచ్చెన దిగుతుంటే చూడలేక చెప్పేశాను.

"సార్, పటం నాది. స్టిక్కర్ వేయమన్నదీ నేనే. తీసేస్తే నన్ను తీసేయండి."

"నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసమ్మా," అన్నారు మూర్తి గారు. "కానీ వాళ్ళు నిచ్చెన మీద చూసింది నిన్ను కాదు కదా. ఇప్పుడు నిన్ను చూపిస్తే ఒప్పుకుంటారా?"

ఆ రెండు దేశాలనూ, వాటి మూడు రాళ్ళనూ నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. తిట్టలేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

భాయ్ నా వైపు చూడలేదు. చేతులకంటిన జిగురు ప్యాంటుకు తుడుచుకుని మూర్తి గారి దగ్గరకు వెళ్ళాడు.

"పిల్ల పరీక్షలయ్యేదాక ఆగుతరా సార్?"

మూర్తి గారు పటం ఒక మూల పట్టుకుని పీకడం మొదలుపెట్టారు. పటం పీకేసిన గోడ ముందు, సభ అనుకున్న వేళకే మొదలైంది.