వృత్తం బయటి చుక్కలు

మా అక్క బాంబులు వేయదు. అవి ఎక్కడ పడతాయో కంప్యూటరులో ముందే వేసి చూస్తుంది. సెలవులకు నేను వెళ్లినప్పుడు ఆమె ఇంట్లోనే కూర్చుని పని చేస్తోంది. తెర మీద ఊరి పేరు లేని పటం. మధ్యలో ఆయుధాల గోదాము, దాని చుట్టూ ఎర్రటి వృత్తం.

"గురి పది మీటర్లు" అంది అక్క, ఆ వృత్తం చుట్టూ వేలు తిప్పి.

వృత్తానికి కొంచెం అవతల పొడవాటి కప్పు ఒకటి కనిపించింది. అదేమిటని అడిగాను.

"బడి."

"పోన్లే, బయటే ఉందిగా."

"ఆఫీసులో మా పెద్దసారూ అదే అన్నాడు. మౌనస్వామి నోరు విప్పి ఆయన మాటే పలికింది" అని, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని నన్ను వెక్కిరించింది. "ఆ వృత్తంలో పడేవి సగమేనే. మిగతా సగం బయటే."

మీట నొక్కింది. వంద తెల్ల చుక్కలు రాలాయి. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. బడి కప్పు మీద పదకొండు.

ఆమె రిపోర్టు చూసే, అక్కడ బాంబు వేయాలో వద్దో తేలుస్తారట. అందులో "సగం" అని రాసినందుకే పెద్దసారు ఫోన్ చేశాడు. అక్క చేతులు ఖాళీ లేక స్పీకరులో పెట్టింది.

"ఏమ్మా, పైవాళ్లు రెండు లైన్లకు మించి చదవరు. గురి పది మీటర్లు, బడి దూరం పద్నాలుగు మీటర్లు. చాలు. ఆ సగం ఎందుకు మధ్యలో?"

"బడి మీద పడుతున్నాయి సార్."

"నువ్వు తియ్యకపోతే నేను తీస్తాను. సంతకం మాత్రం నీదే ఉంటుంది."

అక్క ఫోన్ పెట్టేసింది. తరవాత ఆ మాట చెరిపేసి, కింద ఇంకేదో రాసి పంపేసింది.

"సాయంత్రం ఐదు దాటాకే వెయ్యాలని రాశాన్లే. అప్పటికి బడి ఖాళీయేగా?"

అక్క నా వైపు తిరిగి చూసింది.

"మాకు పరీక్షల ముందు స్పెషల్ క్లాసులు ఆరున్నర దాకా ఉంటాయక్కా. పెద్ద తరగతులన్నిటికీ."

అక్క వెంటనే పెద్దసారుకు ఫోన్ చేసింది.

"పైకి వెళ్లిపోయిందమ్మా" అన్నాడాయన. "నీ టైము వాళ్లకి బాగా నచ్చింది. ఐదుంపావు ఖాయం చేశారు."