ఉయ్యాల్లో రెండు చీటీలు

పుట్టి ఇరవై రోజులైనా ఆ పిల్లాడికి పేరు లేదు. తాతలిద్దరూ ఉండటమే వాడు చేసుకున్న పాపం.

ఒక తాత పుస్తకాలు బైండు చేస్తాడు. వియ్యంకుడిది గడియారాల రిపేరు, వేరే భాష మనిషి. ఇద్దరికీ వాళ్ల వాళ్ల నాన్నల పేర్లే కావాలి. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లన్నారు. కన్నతండ్రి పేరు పైకి అనే అలవాటు ఇద్దరికీ లేదు గనక, చెరో చీటీ రాసి, ఒకరికొకరు చూపించుకుని, ఉయ్యాల పరుపు కింద పెట్టారు. "మా నాన్న పేరు పెట్టకపోతే నీ గుమ్మం తొక్కను, ఒట్టు!" అని కొడుకుతో తెగేసి చెప్పి వచ్చాడు బైండరు. వచ్చాడన్నమాటే గానీ, మనవడి బుల్లి అరికాళ్లు గుర్తొచ్చి సూదిలోకి దారం ఎక్కడం లేదు.

ఆ వారమే లైబ్రరీ నుంచి పేర్ల నిఘంటువొకటి వచ్చింది, అట్ట ఊడి, కుట్లు తెగి. కుట్టేముందు పేజీ పేజీ వరస చూసుకోవడం నాన్న నేర్పిన పద్ధతి. అలా చూస్తుంటే నాన్న పేరే తగిలింది. సంబరంగా చదివాడు. ఎక్కడో పాత భాషలో పుట్టిందట, దేవుడి దయ అని అర్థమట. ఓడలెక్కినవాళ్లతో ఊళ్లు తిరిగి, ఒక భాషలో తల పోగొట్టుకుని, ఇంకో భాషలో తోక పెంచుకుని... ఆరో వరసలో వియ్యంకుడి చీటీలోని పేరు!

బైండరుకు ఒళ్లు మండింది. ఆ పేజీ విడిగానే ఉంది. పోయిందంటే అడిగే నాథుడు లేడు. కానీ చిరిగిన ముక్కనైనా పారేయనిచ్చిన మనిషి కాదు నాన్న. దాన్ని రెండు అట్టల మధ్య భద్రంగా పెట్టుకుని కొడుకింటికి నడిచాడు.

వియ్యంకుడు అక్కడే ఉన్నాడు. గడియారాలు చూసే భూతద్దం కంటికి తగిలించుకుని రెండుసార్లు చదివాడు.

"అయితే బావగారూ, ఇన్నాళ్లూ మనం కొట్టుకుంది ఒక్క పేరు కోసమేనా?"

"ఒక్కటే. మీరు పలికినట్టే రాయించండి. ఎలా రాసినా మా నాన్నే, నా ఒట్టూ నిలిచింది."

వియ్యంకుడు భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. ఉయ్యాల మీదికి వంగి, బైండరు చీటీలో ఉన్నట్టే పిల్లాణ్ణి పిలిచాడు. నోరు తిరగక మధ్యలో తడబడ్డాడు.

"అలా కాదు..." అని సరిదిద్దబోయి ఆగిపోయాడు బైండరు. అరవయ్యేళ్లలో ఆ పేరు తన నోటితో ఒక్కసారీ అనలేదు. తప్పు చేస్తున్నవాడిలా చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు. మనవడు కళ్లు తెరిచాడు. తాత కళ్లు నిండిపోయాయి.

"ఇంకోసారి పిలవండి బావగారూ," అన్నాడు వియ్యంకుడు. "నేనూ నేర్చుకోవాలిగా."