ఎండకు పెట్టని ఎముకలు

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. మినప వడియాలకీ, ఎండుమిరపకాయలకీ, పరుపులకీ, ఊరగాయ జాడీలకీ వంతులవారీగా డాబా మీద ఎండ చూపిస్తారు. నన్ను మాత్రం మెట్లెక్కనివ్వరు. నల్లబడతానట. ఆవిడ కూడా నల్లగొడుగు వేసుకునే వెళ్ళి వడియాలు పెట్టి వస్తారు.

ఈ ఉదయం నా ఎముకలు మెత్తబడి ఉన్నాయి. కాఫీ గ్లాసు ఎత్తబోతే ముంజేయి ఉడికిన ములక్కాడలా వంగిపోతోంది. గ్లాసు గట్టు మీదే ఉంచి, నేనే వంగి తాగుతాను.

వంటింటికీ హాలుకీ మధ్య దూరం పెరిగింది. దారిలో ఆగి ఆగి నడుస్తాను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవు, లేస్తే నిలబడవు. ఇదంతా బద్ధకమని అత్తగారు తేల్చేస్తారు. మా ఆయన పేపరు వెనక నుంచి తలూపుతారు. పేపరు కూడా తలూపుతుంది.

దుమ్ము రాకుండా బాల్కనీకి అద్దాలు బిగించాం. ఎండ వాటి అవతల చెప్పులు విడిచి నిలబడి ఉంది. నేను కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చుంటాను.

"లోపలికి రారాదూ?" అంటాను.

"వెలుగుని పంపించానుగా. నేను రావాలంటే అద్దం తియ్యాలి," అంటుంది ఎండ.

డాక్టరమ్మ నా మణికట్టుని కొంగులా ముడివేసి చూస్తుంది. రక్తం తీయించి, డి విటమిన్ అడుగంటిందని చెబుతుంది. వారానికో మాత్ర, వీలైతే గుడ్డూ చేపా, పొద్దెక్కాక చేతులకీ కాళ్ళకీ తగిలేలా కాసేపు ఎండ. అద్దం వెనక కూర్చుంటే లెక్కలోకి రాదట. ఇలాగే వదిలేస్తే త్వరలో నన్ను మడతపెట్టి బీరువాలో పెట్టుకోవాలట. కలరా ఉండలు కూడా రాసిస్తుంది.

మాత్రకి అత్తగారు ఒప్పుకుంటారు. డాబాకి ఒప్పుకోరు.

"నావీ నలభై ఏళ్ళ మోకాళ్ళ నొప్పులే హైమా. నేనెప్పుడైనా ఎండలో నించున్నానా?"

మర్నాడు నా ఎముకలు నాతో చెప్పకుండా లేచి వెళ్ళిపోతాయి. మెట్ల మీద వాటి చప్పుడు వినబడుతోంది. సోఫాలో నేను దిండు తీసేసిన గలీబులా మిగులుతాను.

అత్తగారికి కోపం వస్తుంది. నన్ను తడిచీరలా భుజాన వేసుకుని, గొడుగు పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లెక్కుతారు. ఎదురైన పక్కింటావిడతో కోడలికి కాస్త నలతగా ఉందని చెబుతారు. ఆవిడ నా అంచు పట్టి చూసి, మంచి నేత అంటుంది.

డాబా మీద పాత పంచె పరిచి ఉంది. వడియాల మధ్య నా ఎముకలు వరసగా పడుకుని ఉన్నాయి. వాటి పక్కన ఇంకో వరస. పొట్టివి, వంకర తిరిగినవి. అత్తగారు అందులోంచి ఒక మోకాలి చిప్ప తీసి వాసన చూస్తారు. ఆవిడ రోజూ రాసుకునే నొప్పుల నూనె వాసనే.

మరి మెట్లెలా ఎక్కారని నేను అడగను. ఆవిడ అప్పటికే భుజాల దగ్గర కుంగిపోతున్నారు. గొడుగు చేతిలోంచి జారుతుంది. ఒక కాకి దాన్ని అందుకుని, వేసుకుని, పిట్టగోడ మీద పచార్లు చేస్తోంది.

అత్తగారు నన్ను దండెం మీద ఆరేసి, పక్కనే తనూ వాలతారు. క్లిప్పులు వాటంతట అవే వచ్చి పట్టుకుంటాయి. గాలికి ఇద్దరం ఒకరికొకరం తగులుతున్నాం. కింద ఎముకలు రెండో వైపుకి పొర్లుతున్నాయి. వడియాలు వాటికి చోటిస్తున్నాయి.

 అత్తగారు తలకిందులుగానే నా వైపు తిరుగుతారు.

"తప్పు నాదేనమ్మాయ్. వడియాలకి చూపించిన ఎండ నీకు చూపించలేదు. నేనూ చూడలేదు." కాస్త ఆగి, "కుచ్చిళ్ళు పైకి తియ్యి. కాళ్ళకి తగలాలి," అంటారు.